మెత్తనయ్య ఉతికిన గోచీలు

ఆయనకు మెత్తనయ్య అని పేరు పెట్టినవాడెవడో గానీ, వాడికి ఆయన బట్టలు తెలుసు, నోరు తెలియదు. బట్టలు నిజంగానే మెత్తన. ఆ పెద్ద హోటల్లో దిగినవాళ్ళు కొందరు గది ఖాళీ చేసి పోయేటప్పుడు తువ్వాళ్ళను కూడా పెట్టెలో సర్దుకుని పోయేవారు. మేనేజరుకు అది నష్టం, మెత్తనయ్యకు అది సన్మానం. ఇక నోరంటారా, దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. దుప్పటి మడత కాస్త వంకరగా ఉంటే చాలు, "ఇది మడతా, మూటా?" అని మొదలుపెట్టి, మడిచినవాళ్ళ ఏడు తరాలనూ పలకరించి గానీ వదిలేవాడు కాదు.

లాండ్రీ ఆ హోటలు నేలమాళిగలో ఉండేది. కిటికీలు లేవు. వేడినీళ్ళ పైపులు గోడల వెంట పాకుతూ పోయేవి, డ్రమ్ములు రోజంతా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి, ఇస్త్రీ రోలరు దగ్గర నిలబడితే కనుబొమలు కూడా చెమట పట్టేవి. మీసాలు రాని వయసులో మురికిబట్టల బండి తోయడానికి చేరినవాడు, మీసాలు నెరిసేసరికి ఆ నేలమాళిగకంతటికీ పెద్ద అయ్యాడు. ఆరిన తువ్వాలును తీసి చెంపకు ఆనించి కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటు. బాగుంటే ఏమీ అనేవాడు కాదు. ఆయన ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే లెక్క.

ఆయన అక్కడ పెట్టిన నియమాలు ఎన్నో లేవు. అతిథి ఒంటికి తగిలే ప్రతి గుడ్డకూ చివరి నీళ్ళలో మెత్తమందు కొలిచి పోయాలి. మెత్తమందంటే నీలం డబ్బాలో వచ్చే చిక్కటి ద్రవం. బయట దుకాణాల్లో దాన్నే సాఫ్ట్‌నర్ అని అమ్ముతారు. అది పడితే ఎంత బిరుసు బట్టయినా పిల్లి వీపులా అయిపోతుంది. ఇక బారులో గ్లాసులు తుడిచే గుడ్డలున్నాయే, వాటిని మాత్రం విడిగా ఉతకాలి, వాటి దరిదాపులకు కూడా ఆ నీలం డబ్బా రాకూడదు. ఎందుకని కొత్తవాళ్ళు అడిగితే "చెప్పింది చెయ్యి" అనేవాడు. పనికి చేరిన ప్రతివాళ్ళకూ మొదటి రోజే ఈ పాఠం చెప్పేవాడు. అంతటి మనిషి ఇంట్లో ఏం చేశాడో ఇప్పుడు వినండి.

ఇంట్లో ఆయనకు దీటుగా నిలబడే నోరు ఒక్కటే, భార్యది. ఆవిడ ముందుగదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. గోడలెక్కే పిల్లలు, మోకాళ్ళ మీద జారే పిల్లలు వేసుకునే బట్టలవి. బట్ట చిరిగితే చిరగొచ్చు గానీ ఆవిడ వేసిన కుట్టు ఊడిందన్నవాళ్ళు లేరు. పై అంతస్తులో కూతురూ, అల్లుడూ. అల్లుడు కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. ఏదైనా కొనాలంటే ముందు దాని మీద ఉన్న సన్న అక్షరాలన్నీ చదివి, చదివింది అందరికీ వివరించి, అప్పుడు కొనకుండా వచ్చే రకం. కూతురు సిటీ బస్సు డ్రైవరు. ఆ డిపోలో స్టీరింగు పట్టుకున్న ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్క. కండక్టరుగా చేరి, పరీక్షలు రాసి, వంకరమాటలు విని, చివరికి బస్సు పట్టింది. ఎన్నాళ్ళో అడగ్గా అడగ్గా ఉదయం పూట డ్యూటీ వచ్చింది, అదీ తమ వీధి మీదుగానే పోయే రూటులో. అది వచ్చిన కొన్నాళ్ళకే కడుపు పండింది.

పుట్టిన పిల్లకు దొరసాని అని పేరు పెట్టింది అమ్మమ్మే. పుట్టీ పుట్టగానే ఇంటిల్లిపాదినీ వేలు ఊపకుండా, కనుబొమ ఎగరేసి నడిపించడం మొదలుపెట్టింది మరి. మెత్తనయ్య సంగతి చెప్పనక్కర్లేదు. లాండ్రీలో పిడుగులు కురిపించే మనిషి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, "దొరసానీ, తమరి నౌకరు వచ్చాడు" అని తలుపు దగ్గరే నిలబడేవాడు.

అంతా బాగానే ఉంది గానీ, దుకాణంలో కొన్న డైపర్లు దొరసాని ఒంటికి పడలేదు. తొడల దగ్గర ఎర్రగా కందిపోయేది, నీళ్ళు తగిలితే చాలు గుక్కపట్టి ఏడ్చేది. కంపెనీ మార్చారు, సైజు మార్చారు, పూత మందులు రాశారు. డాక్టరమ్మ చూసి, "కొందరి చర్మం అంతే. కొన్నాళ్ళు గుడ్డ కట్టి చూడండి. ఒళ్ళు మాత్రం పొడిగా ఉండాలి" అంది. కూతురు అప్పటికే సెలవులు అయిపోతున్న గాభరాలో ఉంది. ఒకటో తారీకుకి వెళ్ళకపోతే ఆ రూటు ఇంకొకరికి ఇచ్చేస్తామని డిపోలో చెప్పేశారు. తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఎవరు రాకపోతే వాళ్ళ బస్సు నడపాలి, ఏ పూటో తెలియదు, ఏ రూటో తెలియదు. చంటిపిల్లతో అది అయ్యే పని కాదు.

"పిల్లని మేం చూసుకుంటామే. నువ్వు వెళ్ళు" అంది తల్లి.

"చూసుకుంటారని తెలుసమ్మా. కానీ దానికి ఒళ్ళు మంటలు పుడుతుంటే నేను స్టీరింగ్ పట్టుకుని రోడ్డు మీద చూపు పెట్టలేను. ఈ ఎరుపు తగ్గితే వెళ్తాను. తగ్గకపోతే ఆ రూటు పోతే పోనీ."

పోతే పోనీ అంటున్నప్పుడు ఆమె గొంతు ఎలా ఉందో మెత్తనయ్య విన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

గుడ్డ డైపర్లు ఎంచడం మొదలైంది. అల్లుడు షాపుకెళ్ళి రెండు చేతులా సంచులు మోసుకొచ్చాడు. ఒకటి అంతా కలిపి కుట్టినది, ఒకటి సంచీలా ఉండి లోపల తడి పీల్చే పేడ్లు దోపుకునేది, ఒకటి ఉత్త చదరపు గుడ్డ, దాని మీద రెయిన్‌కోటు గుడ్డలాంటి పైకవరు. కవర్ల మీద ఏనుగులు, జిరాఫీలు, మబ్బులు. నడుము దగ్గర వరసగా టిచ్ బటన్లు.

"ఇదైతే పుట్టినప్పట్నుంచి మూడేళ్ళ దాకా వస్తుంది అత్తయ్యా. బటన్లు మారుస్తూ పోవడమే. దీని లోపల మైక్రో..."

"ఆ మైక్రో సంగతి అలా ఉంచు బాబూ" అని అత్తగారు అందులోంచి ఒక పేడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇది గుడ్డా, కాగితమా? నూలు పోగు ఒక్కటైనా ఉందా ఇందులో? కవర్లు బాగున్నాయి, అవి ఉంచండి. లోపలిది నేను కుడతాను. మన చిన్నప్పుడు గోచీ గుడ్డలు ఎవరు కొన్నారు?"

ఆవిడ మాటే నెగ్గింది. హోటల్లో అంచులు పోయి పక్కన పడేసిన పాత తువ్వాళ్ళను మెత్తనయ్య అడిగి తెచ్చాడు. ఎన్నో ఉతుకులు చూసిన నూలు, నీళ్ళు పీల్చడానికి అంతకు మించింది లేదు. ఆవిడ వాటిని కత్తిరించి, పొరలు పేర్చి, నాలుగు వైపులా కుట్టి, మధ్యలో అడ్డంగా కుట్టు పోసి పేడ్లు చేసింది. యూనిఫారాలు ఇవ్వాల్సిన గడువు పక్కనపెట్టి మరీ కుట్టింది. కుట్టిన గుట్టను చూసి మెత్తనయ్యకు ఛాతీ పొంగింది.

"కుట్టడం నీది, ఉతకడం నాది" అన్నాడు. "ఇందులో ఇంకెవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. జన్మంతా ఊళ్ళోవాళ్ళ ఒళ్ళకి ఉతికాను. నా మనవరాలికి ఉతకలేనా?"

ఉతికాడు. ఎలా ఉతికాడంటే, హోటల్లో అతిథికి మూత కొలిచి పోసే మెత్తమందును, ఇంట్లో దొరసానికి డబ్బా వంచి పోశాడు. ఇది మామూలు ఒళ్ళా, కందిన ఒళ్ళు. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని ఆయన నమ్మకం. ఆరాక ఒక్కొక్కటీ చెంపకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఏమీ అనలేదు. అల్లుడు కూడా చెంపకు పెట్టుకుని, "మామయ్యా, నాకు ఇలాంటి దిండు గలీబు కావాలి" అన్నాడు. ఆ పూట మెత్తనయ్య నేల మీద నడవలేదు.

ఆ ఆనందం దొరసాని మొదటి ఉచ్చతోనే పోయింది. పేడు పెట్టి, ఏనుగుల కవరు బిగించి, అల్లుడు ఎత్తుకున్నాడు. దొరసాని కనుబొమలు పైకి లేపింది. అది ఆవిడ గారి ముందస్తు హెచ్చరిక. మరుక్షణం అల్లుడి చొక్కా జేబు దగ్గర్నుంచి బెల్టు దాకా తడిసిపోయింది. కవరు విప్పి చూస్తే పేడు పైన తడి నిలబడి ఉంది, పిల్ల ఒళ్ళంతా అదే. లోపలి పొరలు మాత్రం ఎండాకాలం ఇసుకలా పొడిగా ఉన్నాయి.

"కవరు వదులుగా పెట్టావేమో" అన్నాడు మెత్తనయ్య.

బిగించారు. తొడల మీద అచ్చులు పడ్డాయి గానీ కారడం ఆగలేదు. సోఫా తడిసింది, మంచం తడిసింది, అమ్మమ్మ చీరలు ఒక్కొక్కటిగా బాల్కనీ ఎక్కాయి. ఇంటికొచ్చినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత నెపాల వంతు వచ్చింది. మెత్తనయ్య పేడు అటూ ఇటూ తిప్పి చూసి, చూసి, చివరికి అనకూడని మాట అన్నాడు.

"మధ్యలో ఈ అడ్డకుట్టు ఎందుకు వేశావు? నీళ్ళు దాని వెంట పక్కకి పోతున్నాయి."

ఆవిడ మిషను ఆపింది. "నా కుట్టుకి వంక పెట్టేంతవారయ్యారా?"

"వంక పెట్టట్లేదు. ఉన్నమాట అన్నాను."

ఆవిడ పేడ్ల గుట్టను ముందుకు లాక్కుంది. అన్ని పేడ్ల అడ్డకుట్లూ విప్పి, ఇంకో రెండు పొరలు కలిపి మళ్ళీ కుట్టింది. దాంతో దొరసాని కాళ్ళు దగ్గరికి రాక, గుర్రమెక్కినట్టు పడుకుని పైకప్పుకేసి చూసేది. అయినా కారింది. అల్లుడు సన్న అక్షరాలు మళ్ళీ చదివాడు. "కొత్త గుడ్డయితే నాలుగైదు ఉతుకులు పడాలట" అన్నాడు. ఇవి కొత్తవి కావని అందరూ ఒకేసారి అతని మీద పడ్డారు. ఎరుపు తగ్గకపోగా మళ్ళీ పెరిగింది. అది చూసి మెత్తనయ్య ఏం చేశాడయ్యా అంటే, పాపం, ఇంకాస్త ఎక్కువ మెత్తమందు పోశాడు. పిల్ల ఏడుస్తున్న కొద్దీ డబ్బా వంచాడు. ఆయన ప్రేమే ఆ పిల్లకు గండమైంది.

ఒకటో తారీకు దగ్గర పడింది. ఒకరోజు పొద్దున్న కూతురు మెట్లు దిగి వచ్చి, వంటింటి గడప దగ్గర నిలబడి, "నాన్నా, ఎల్లుండి డిపోకి వెళ్ళి ఆ రూటు వద్దని చెప్పేసి వస్తాను" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మెత్తనయ్య చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు లాండ్రీలో ఆయన ఎవరినీ తిట్టలేదు. అందరూ భయపడ్డారు. మధ్యాహ్నం కావస్తుండగా బారులో గ్లాసులు తుడిచే పెద్దమనిషి మెట్లు దిగి వచ్చాడు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో గుడ్డ.

"మెత్తనయ్య గారూ, ఏమిటండీ ఈ గుడ్డలు? ఎంత తుడిచినా గ్లాసు మసకగానే ఉంటోంది. నీళ్ళని అటూ ఇటూ తోస్తోంది గానీ పీల్చట్లేదు."

మెత్తనయ్య గుడ్డ అందుకున్నాడు. వేలితో తాకగానే అర్థమైంది. ఉండాల్సిన దానికంటే ఎంతో మెత్తగా ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, కుళాయి కింద వేలు తడిపి ఒక చుక్క విదిలించాడు. చుక్క గుడ్డ మీద ముత్యంలా గుండ్రంగా నిలబడింది. ఇంకదు.

"గ్లాసు గుడ్డలకి మెత్తమందు ఎవరు పోశారు?"

ఈమధ్యే చేరిన ఒకావిడ ముందుకొచ్చింది. "నేనే బాబాయ్ గారూ. మీరు వద్దన్నారని గుర్తుంది. కానీ గరుగ్గా ఉన్నాయి పాపం, రోజంతా తుడిచేవాళ్ళ చేతులు గీసుకుపోతాయేమోనని... మెత్తగా ఉంటే మంచిదే కదా అని పోశాను."

"మంచిదేంటి తల్లీ మంచిది" అని అందుకున్నాడు మెత్తనయ్య, పొద్దున్నుంచీ బిగబట్టిన గొంతు ఒక్కసారి తెరిచి. "ఆ మందు అసలు జిడ్డు. దారం దారానికీ పూతలా పట్టుకుంటుంది. అందుకే చేతికి మెత్తగా తగుల్తుంది. తువ్వాలుకైతే కొలిచి కొంచెమే పోస్తాం కాబట్టి సరిపోయింది. ఎక్కువైతే నీళ్ళని లోపలికి రానివ్వదు, పైనే నిలబెడుతుంది. నీళ్ళు పీల్చాల్సిన గుడ్డకి ఎవరైనా బుద్ధున్నవాళ్ళు..."

అక్కడ ఆగిపోయాడు.

నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. చెయ్యి గాల్లోనే ఉంది. కొత్తావిడ తిట్టు ఎక్కడ పడుతుందోనని కళ్ళు మూసుకుని నిలబడి ఉంది, తిట్టు రాలేదు. మెత్తనయ్య వంగి ఆ చుక్కను మళ్ళీ చూశాడు. తన ఇంట్లో, తన మనవరాలి కింద, పేడు పైన నిలబడిన తడి కళ్ళకు కట్టింది. లోపలి పొరలు ఇసుకలా పొడిగా ఉండటం గుర్తొచ్చింది. జన్మంతా కొత్తవాళ్ళకు చెప్పిన పాఠం, తన దగ్గరికొచ్చేసరికి తనకే గుర్తురాలేదు. దొరసానిని ఆయన అతిథి కింద లెక్కేశాడు మరి. ఆవిడ గోచీ పని మాత్రం గ్లాసు గుడ్డ పని.

సిగ్గూ, సంతోషమూ రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. సంతోషమే గెలిచింది. గుడ్డ తప్పు కాదు, కుట్టు తప్పు కాదు, పిల్ల చర్మం తప్పు అసలే కాదు. తప్పంతా ఒక డబ్బాలో ఉంది. డబ్బా మూత పెట్టేస్తే సరిపోయే తప్పు.

"నువ్వు చల్లగా ఉండాలమ్మా" అన్నాడు కొత్తావిడతో. "ఇవాళ నువ్వీ పని చేసుండకపోతే మా అమ్మాయి ఉద్యోగం పోయేది."

ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడున్న ఎవరికీ కాలేదు. మెత్తనయ్య చేతులు తుడుచుకుని, పని వేళ ఇంకా అయిపోకుండానే మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆయన అలా వెళ్ళడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. బారు పెద్దమనిషి చేతిలో గ్లాసుతో, "మరి నా గుడ్డలో?" అంటూ అక్కడే నిలబడ్డాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, పేడ్ల కుట్లు మళ్ళీ విప్పుతోంది. దారపు ముక్కలు ఒళ్ళంతా ఉన్నాయి. దొరసాని పక్కన చాప మీద ఉత్త గుడ్డ మీద పడుకుని కాళ్ళు ఆడిస్తోంది. కూతురు ఆ గుడ్డ మారుస్తూ తలెత్తి, "ఏంటి నాన్నా ఇంత పెందరాళే?" అంది.

మెత్తనయ్య చెంబుతో నీళ్ళు తెచ్చాడు. గుట్టలోంచి ఒక పేడు తీసి వాళ్ళ ముందు పరిచాడు. వేలు ముంచి ఒక చుక్క వదిలాడు. చుక్క గుండ్రంగా నిలబడింది. పేడు కొంచెం వంచితే దొర్లుకుంటూ పోయి చాప మీద పడింది. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏంటిది?" అంది భార్య.

ఆయన నీళ్ళు నమిలాడు. తిట్టడం తప్ప ఒప్పుకోవడం అలవాటు లేని నోరది. "మెత్తమందు" అన్నాడు. "నేనే పోశాను. రోజూ పోశాను. అది గుడ్డని నీళ్ళు పీల్చనివ్వదు. నాకు తెలుసు. అందరికీ చెప్తాను. ఇక్కడ మాత్రం తట్టలేదు. నీ కుట్టులో ఏ తప్పూ లేదే."

ఆవిడ చేతిలో ఉన్న బ్లేడు పక్కన పెట్టింది. మెత్తనయ్య తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ, "నా చెయ్యి పోయిందనుకున్నానండీ" అంది. "కళ్ళు ఆనట్లేదు, చెయ్యి వణుకుతోంది, ఇంక నా కుట్టు అయిపోయిందనుకున్నాను. యూనిఫారాలు కూడా మానేద్దామని రాత్రుళ్ళు ఆలోచిస్తున్నాను. మీకు చెప్పలేదు."

ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు. పక్కన కూర్చుని, ఆవిడ ఒడిలోని దారపు ముక్కలు ఒక్కొక్కటీ ఏరసాగాడు.

ఏరుతుంటే ఆవిడకు నవ్వు ముంచుకొచ్చింది. ఆగలేదు. "ఆ డబ్బా ఏదీ? మీ నోటికి పోస్తాను తెండి. మాటైనా మెత్తబడుతుంది" అంది. కూతురు కూడా నవ్వింది. అమ్మా, అమ్మమ్మా నవ్వుతున్నారని దొరసాని కూడా పళ్ళు లేని నోరు తెరిచింది.

ఆ సాయంత్రం ఇల్లు ఇల్లంతా లాండ్రీ అయింది. అల్లుడు షాపు నుంచి వస్తూనే చొక్కా చేతులు మడిచాడు. ఎన్ని గిన్నెలుంటే అన్ని గిన్నెల్లో నీళ్ళు మరిగాయి. మెత్తనయ్య పేడ్లను బకెట్లో వేసి, కాగిన నీళ్ళు పోసి కర్రతో తిప్పితే, సబ్బు వెయ్యకుండానే నురగ లేచింది. ఎన్నాళ్ళ మందో అదంతా. నీళ్ళు పారబోసి మళ్ళీ మరిగిన నీళ్ళు పోశాడు. మళ్ళీ నురగ. ఉత్త సబ్బు కొంచెం వేసి ఒకసారి, ఉత్త నీళ్ళతో ఇంకోసారి, ఇంకోసారి. నురగ పలచబడింది, పలచబడి పలచబడి ఒక వాయిలో అసలు లేవలేదు. బకెట్ అడుగు కనిపించింది. ఒక పేడు గట్టిగా పిండి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి నేల మీద పరిచి, అందరూ దాని చుట్టూ గొంతుక్కూర్చున్నారు.

"నువ్వు వెయ్యమ్మా చుక్క" అన్నాడు కూతురితో.

ఆమె వేలు ముంచి వదిలింది. చుక్క పడింది, పడిన చోట లేదు. చిన్న తడి మచ్చ మాత్రం ఉంది.

"ఇంకోటి" అన్నాడు అల్లుడు, నమ్మలేక. ఇంకోటీ మాయమైంది. చెంబు వంచితే అదీ మాయమైంది. అల్లుడు లేచి నిలబడి తన చొక్కా జేబు తడుముకున్నాడు.

ఆ పరీక్ష నీళ్ళది. అసలు పరీక్ష దొరసానిది. మర్నాడు పేడు పెట్టి కవరు వేశాక, ఎత్తుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చింది. మెత్తనయ్య తెల్లటి హోటలు ప్యాంటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, "తమరు ఇటు దయచేయండి" అని ఒళ్ళోకి తీసుకున్నాడు. కాసేపు గడిచింది. దొరసాని ఆయన మీసం పట్టుకుని లాగింది, వదిలేసింది. తర్వాత కనుబొమలు పైకి లేపింది.

మెత్తనయ్య కదలకుండా కూర్చున్నాడు. కనుబొమలు కిందికి దిగాయి. ఆయన పిల్లను మెల్లగా పైకెత్తాడు. కూతురు వంగి ఆయన ఒడి తడిమింది, మళ్ళీ తడిమింది. పొడిగా ఉంది. కవరు విప్పి చూస్తే తడంతా లోపలి పొరల్లో ఉంది, పిల్ల చర్మం మీద చెయ్యి పెడితే కొద్దిగా చెమ్మ, అంతే. కూతురు అక్కడే నేల మీద కూలబడి, ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, అది ఓదార్చాల్సిన ఏడుపు కాదు.

"డిపోకి ఏం చెప్తావే?" అంది తల్లి.

"వస్తున్నానని చెప్తాను" అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

తడిసిన వెంటనే మార్చడం, గాలి తగలనివ్వడం, ఉత్త సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయడం. చూస్తుండగానే ఎరుపు గులాబీ రంగైంది, గులాబీ రంగు చర్మం రంగైంది. ఇంటిమీద నుంచి కొండంత బరువు దిగిపోయింది. పొద్దున్నపూట పిల్ల దగ్గర ఉండాలని మెత్తనయ్య లాండ్రీలో మధ్యాహ్నం డ్యూటీకి మారాడు. కొత్తావిడకు తన పక్కనే పని ఇప్పించాడు. గ్లాసు గుడ్డలకు ఆ మందు ఎందుకు పోయకూడదో మొదటిసారి అందరికీ విడమరిచి చెప్పాడు. "చెప్పింది చెయ్యి" అనడం మానేశాడని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

ఆయనకు మిగిలిన బాధ ఒక్కటే. మందు లేకుండా ఎండలో ఆరిన పేడ్లు అప్పడాల్లా బిరుసెక్కేవి. చెంపకు ఆనిస్తే గరుగ్గా గుచ్చుకునేవి. నీళ్ళు పీలిస్తే చాలు, మెత్తదనం అక్కర్లేదని భార్య ఎన్నోసార్లు చెప్పింది. ఆయన వింటేగా. గరుకు గుడ్డ దొరసానికి తగలడమా?

ఒకటో తారీకు పొద్దున్న కూతురు యూనిఫారం వేసుకుని, దొరసాని బుగ్గలు ముద్దాడి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. వెనక్కి చూస్తే వెళ్ళలేనని ఆమెకు తెలుసు. తెల్లవారి పనులన్నీ అయ్యాక మెత్తనయ్య బాల్కనీలో కుర్చీ వేసుకున్నాడు. ఒళ్ళో దొరసాని, పక్కన బుట్టలో ఆరిన పేడ్లు. ఒక్కొక్క పేడూ తీసి రెండు అరచేతుల మధ్య పెట్టి నలపసాగాడు. మూలమూలనా, పొరపొరనా, పసుపు నలిపినంత ఓపికగా నలిపి, చెంపకు ఆనించి చూసి, చాలకపోతే మళ్ళీ నలిపేవాడు. సబ్బునీళ్ళకు పగిలిన ఆ అరచేతుల్లో బిరుసు గుడ్డ మెల్లమెల్లగా లొంగింది. భార్య మిషను దగ్గర్నుంచి కాసేపు చూసి, ఏమీ అనకుండా మళ్ళీ పెడల్ తొక్కింది. ఆ ఇంట్లో ఏమీ అనకపోవడం ఆవిడకు కూడా అబ్బింది.

వీధి చివర మలుపులో బస్సు కనబడింది. ఎదుటి స్టాపులో ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. డ్రైవరు సీట్లోంచి కూతురు బాల్కనీ వైపు తలెత్తింది. నడిపేటప్పుడు చూడనని తండ్రికి మాటిచ్చింది, ఆగినప్పుడు చూడనని అనలేదు. చెయ్యి తిప్పి, ఎలా ఉందని సైగ చేసింది.

దొరసాని అప్పటికే రెండుసార్లు కనుబొమలు ఎగరేసి ఉంది. మెత్తనయ్య నోటితో జవాబు చెప్పలేదు. పిల్లను భుజానికెత్తుకుని కుర్చీలోంచి లేచి, బాల్కనీ అంచుకు వచ్చి, తన తెల్ల ప్యాంటు కనబడేలా నిటారుగా నిలబడ్డాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికులు ఈ ముసలాయనకు ఏమైందో అన్నట్టు చూశారు. కూతురు నవ్వింది, హారన్ ఒక్కసారి చిన్నగా కొట్టింది, తలుపులు మూసి బస్సును ముందుకు పోనిచ్చింది.

బస్సు మలుపు తిరిగే దాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. తర్వాత హాయిగా ఊపిరి వదిలి, కుర్చీలో కూర్చుని, దొరసానిని ఒళ్ళో సర్దుకుని, బుట్టలోంచి ఇంకో గుడ్డ తీశాడు.